పైట మారిన పటం

“నా మెడలో ఈ తాళి కట్టినోడు యాడుండాడన్నా?”

చెంచులక్ష్మి ఆ మాట గట్టిగా అడిగివుంటే డిటెక్టివ్ దశరథరామయ్య తట్టుకునేవాడు. ఈ పనిలో దిగినప్పటినుంచీ ఆయన తినని తిట్టు లేదు. కానీ ఆ పిల్ల గొంతు పెంచలేదు. చంకలో బిడ్డ ఉలిక్కిపడకుండా ఒక చేత్తో వీపు నిమురుతూ, రెండో చేత్తో చుట్ట చుట్టిన కాగితాన్ని నేలమీద పరిచింది. అది మళ్ళీ చుట్టుకోకుండా మూలల మీద పలక ముక్కలు పెట్టింది. చూడమన్నట్టు పక్కకు జరిగింది.

చూసినాడు. చూడక తప్పలేదు.

కొత్త సంవత్సరం క్యాలెండరు. పైన ఎర్రటి అక్షరాలతో ‘బాలసంజీవి చుక్కలు’. దాని కింద ‘కడుపునొప్పికి, అజీర్తికి, పళ్ళొచ్చే పసికూనల విరేచనాలకు’. మధ్యలో ఒళ్ళో బిడ్డను పెట్టుకొని కూర్చున్న తల్లి. నొసట పావలా కాసంత కుంకుమ, మెడలో పసుపుతాడు, నల్లపూసలు, తలలో మూరెడు మల్లెపూలు. అవన్నీ మద్రాసు ఆర్టిస్టు రంగులతో పెట్టిన సొమ్ములు. మొగం మాత్రం ఏ ఆర్టిస్టూ పెట్టింది గాదు. ఆ మొగమే ఇప్పుడు బోసి నొసటితో ఎదురుగా నిలబడి ఉంది. అన్నిటికీ అడుగున ‘పాపయ్య అండ్ కో, మార్కాపురం’ అని ఉంది.

పాపయ్య ఎవరో గాదు. ఒకే బడిలో, ఒకే చాప మీద దశరథరామయ్య పక్కన కూర్చొని ఓనమాలు దిద్దినవాడు.

పటం తీసింది దశరథరామయ్యే. తీయించుకున్నది చెంచులక్ష్మి. ఆమె మొగుడు చిన్నయ్య రాచర్ల దగ్గర గొర్రెలు కాచుకునేవాడు. గిద్దలూరు గొర్రెల వ్యాపారి రంగయ్యతో మేత బీడు మీద తగాదా పడి, పట్టపగలు ఆ రంగయ్య చేతిలోనే కత్తిపోటుకు పోయినాడు. కంప చాటున బిడ్డకు పాలిస్తూ కూర్చున్న చెంచులక్ష్మి ఒక్కతే చూసింది. రంగయ్య బెయిలు మీద బయటికొచ్చి, ఆ ఒక్క జత కళ్ళ కోసం ఊరూరా మనుషుల్ని తిప్పుతున్నాడు. వచ్చే సోమవారం కర్నూలు సెషన్స్ కోర్టులో ఆమె సాక్ష్యం. అందాకా ఆమెను ప్రాణంతో నిలబెట్టమని సర్కారు వకీలు దశరథరామయ్యకు అప్పజెప్పినాడు. ఆయన తీసుకొచ్చి మార్కాపురం పొలిమేరలో పలకలు కోసే షెడ్ల నడుమ, గంగమ్మ ఇంట్లో దాచిపెట్టినాడు.

అక్కడికొచ్చిన కొత్తలోనే ఆమె అడిగింది. “అన్నా, నేను కోర్టు దాకా పోతానో లేదో. పోకుంటే, నా బిడ్డ రేపు పెద్దదై నా తల్లి ఎట్లుండేదంటే ఎవురు చెప్తారు? ఒక్క పటం తీయి.”

తీసినాడు. ఒక్కటే కడిగి ఆమె చేతికిచ్చినాడు. “నువ్వూ నేనూ తప్ప మూడో కన్ను దీన్ని చూడదమ్మా,” అని మాట కూడా ఇచ్చినాడు.

ఇప్పుడు మార్కాపురం, గిద్దలూరు, కంభం అంగళ్ళల్లో ఆ పటం మేకులకు వేలాడుతున్నది.

“అమ్మా, ఇది నాకు తెలియకుండా…”

“నీకు తెలిసి చేసినావని నేనన్నానా?” అన్నది చెంచులక్ష్మి. “నీకు తెలియకుండా నీ పెట్టెలో పటం బయటికెట్ల పోయిందన్నా? రేప్పొద్దున నీకు తెలియకుండానే నన్నూ ఎత్తుకపోతారు.”

వాకిట్లో పలకలకు అంచులు నున్నగా చేస్తున్న గంగమ్మ లోపలికి తొంగిచూసి, “పొద్దుటినుంచి గుక్కెడు గంజి తాగలే నాయనా అది,” అన్నది. “షెడ్డులో ఆడోళ్ళు ఊరుకుంటే గదా! ‘ఏమే, మొగుడు పోయి ఏడాదన్నా గాలేదు, మళ్ళీ పెళ్ళికూతురువైనావే, పప్పన్నం పెట్టకపోతివే’ అని ఒకటే ఎకసెక్కం.”

“వాళ్ళు నగితే నగనీ,” అన్నది చెంచులక్ష్మి. “మా అత్తకు ఏం చెప్పేది?”

అసలు దెబ్బ అక్కడుంది. ఆమె వాళ్ళల్లో మొగుడు పోయిన పిల్ల మారుమనువు పోవడం తప్పు గాదు. పోతే మాత్రం బిడ్డను తండ్రి వంశానికి అప్పజెప్పి ఉత్త చేతులతో పోవాల. అత్త రాములమ్మ రాచర్ల అంగట్లో ఆ క్యాలెండరు చూసిందంట. చూసి, గుండెలు బాదుకొని, ‘నా కొడుకు చితి ఆరకముందే తాళి కట్టించుకుందా! పెద్దమనుషుల్ని పిలవండి. నా మనమరాలిని నాకు తెచ్చియ్యండి’ అని రచ్చ పెట్టిందంట. నిన్న సంతకొచ్చిన రాచర్ల మనిషి ఒకడు షెడ్డులో ఈ కబురు చెప్పిపోయినాడు.

“నేను పోయి మా అత్త ముందర నిలబడాల. నా నొసలు చూపించాల. ఈ పొద్దే.”

“రాచర్ల అంటే రంగయ్య వాకిలి తొక్కినట్టేనమ్మా. సోమవారం సాక్ష్యం అయిపోనీ. నేనే స్వయంగా పోయి మీ అత్తకు చెప్తా. మాట…”

మాట ఇస్తున్నా అనబోయి ఆగిపోయినాడు. ఆగిన చోటే చెంచులక్ష్మి అందుకొన్నది.

“ఇయ్యి. ఇంకోటి ఇయ్యి. ఒళ్ళో పెట్టుకుంటా.”

దశరథరామయ్య తల వంచుకొని వాకిట్లోకి వచ్చినాడు. మొగం దాచుకోవడానికి ఏదో ఒక పని కావాల. పని గంగమ్మే అందించింది.

“ఇంకోటి చెప్పాల నాయనా. పొద్దున మేం గంజి తాగేయాళకు ఒకడొచ్చినాడు. టైరు చెప్పులు, నెత్తికి తువ్వాలు. ఆకువక్కలోకి సున్నం కావాలన్నాడు. ఇచ్చినా. పోకుండా ఆ పలకల దొంతర కాడ నిలబడి బీడీ కాల్చుకుంటా, ‘ఏం పెద్దమ్మా, మీ కాడ ఎడమ పైటేసుకొని, చంటిబిడ్డతో ఉండే గొర్రెలోళ్ళ పిల్ల ఎవురన్నా ఉందా’ అని అడిగినాడు. ‘గొర్రెలోళ్ళు గొర్రెల కాడుంటారు, రాళ్ళ కాడెందుకుంటారు’ అన్నా.”

“ఎడమ పైట అన్నాడా? సరిగ్గా చెప్పు గంగమ్మా. ఎడమ అన్నాడా, కుడి అన్నాడా?”

“ఎడమే. నాకు చెవుడు లేదు.”

డిటెక్టివ్ దొంతర దగ్గరికి పోయి గొంతుక్కూచున్నాడు. ఆ వాకిట్లో నేలంతా పలక పొడి, మెత్తగా, బూడిద మాదిరి. కోడి నడిచినా గుర్తు నిలుస్తుంది. టైరు చెప్పుల అచ్చులు ఒకేచోట గుమికూడి ఉన్నాయి. వచ్చినవాడు అటూ ఇటూ తిరగలేదు, ఒకే తావున నిలబడి చూసినాడు. రెండు బీడీలు దారం దాకా కాలినాయి. మూడోది సగంలోనే ఆర్పేసినాడు.

“మూడో బీడీ ఆర్పేటప్పుడు ఏమైంది?”

“ఏమైతుంది? గంట కొట్టినారు. అందరం షెడ్డులోకి పోయినాం.”

“అంటే వాకిళ్ళు ఎప్పుడు ఖాళీ అయ్యేదీ చూసుకొని పోయినాడు,” అన్నాడు దశరథరామయ్య తనలో తాను. లేచి, “అమ్మా చెంచులక్ష్మీ, నీకిచ్చిన పటం తీసుకురా,” అన్నాడు.

ఆమె చీర మడతలో దాచుకున్న పటం తెచ్చింది. ఆయన దాన్ని క్యాలెండరు పక్కన పెట్టినాడు. పటంలో బిడ్డ తల్లి ఎడమ చేతి మీద ఉంది. క్యాలెండరులో కుడి చేతి మీద. పటంలో పైట ఎడమ భుజం మీద. క్యాలెండరులో కుడి భుజం మీద. ఎవడో బొమ్మను అద్దంలో చూపినట్టు తిరగేసి అచ్చు కొట్టినాడు.

“ఏంది నాయనా అంత తేరిపార చూస్తున్నావు?” అన్నది గంగమ్మ.

“నువ్వే గదా ఈమె పైట మార్పించింది?”

“నేనే. వాళ్ళది పుట్టుకనుంచి కుడి పైట. మా వాడ మొత్తం ఎడమ పైట. కుడి పైటేసుకుంటే మందలో నల్లమేక మాదిరి నువ్వొక్కదానివే కనపడతావే, మార్చుకో అన్నా. తప్పా?”

“తప్పు గాదు. ఆ మార్పే ఇప్పుడు దొంగను చూపించబోతున్నది.”

అప్పుడే వాకిలి ముందర జీపు ఆగిన చప్పుడైంది. దిగిన మనిషిని చూసి దశరథరామయ్యకు నోరు చేదైంది. సబ్ ఇన్‌స్పెక్టరు వీరరాఘవయ్య. బిగుతైన యూనిఫారం, చంకలో లాఠీ, మొగాన నవ్వు. ఈ సాక్షిని మొదట్లో స్టేషన్ కాపలాలో పెడతానన్నది ఆయనే. ‘మీ స్టేషన్ గోడలకు చెవులే గాదు, నోళ్ళు గూడా ఉన్నాయి’ అని వకీలు ముందర ఎగతాళి చేసి, ఆమెను దాచే పని తన చేతికి తీసుకున్నది దశరథరామయ్య.

“నమస్కారం డిటెక్టివ్ గారూ! సాక్షిని భలే దాచినారు. మా స్టేషన్ ఎదురుగా కాఫీ హోటల్లో గూడా ఉంది. టీ తాగినప్పుడల్లా చూస్తున్నా.”

“ఈ చోటు మీకెట్ల తెలిసింది?”

“మీ ఆర్టిస్టు పూలు పెట్టినాడు, తాళి పెట్టినాడు. వెనకాల పలకల దొంతరలు తుడవడం మర్చిపోయినాడు. గుమ్మం మీద కొట్టిన గుర్రపు నాడా గూడా అట్లనే ఉంచినాడు.” లాఠీతో గంగమ్మ గుమ్మం పైకి చూపించినాడు. నాడా అక్కడే ఉంది. “నేను పొద్దున బయల్దేరి మూడో షెడ్డుకే పట్టుకున్నా. రంగయ్య మనుషులు నాకంటే తెలివితక్కువోళ్ళని మీకేమన్నా రూఢీగా తెలుసా?”

తెలియదు. అదే దశరథరామయ్య మెడ మీద కత్తి. అయినా తగ్గకుండా అన్నాడు, “పొద్దున ఒకడు వచ్చిపోయినాడు. కానీ వాడు క్యాలెండరు చూసి రాలేదు.”

“మరి? కల గని వచ్చినాడా?”

“ఎడమ పైట పిల్ల ఏదని అడిగినాడు. క్యాలెండరులో ఉన్నది కుడి పైట. రంగయ్య ఈమెను వాళ్ళ బీడులో చూసిననాడు గూడా కుడి పైటే. ఎడమ పైటతో ఉన్నది ఈ ఇంట్లో, ఈ అసలు పటంలో. ఇంట్లో కళ్ళారా చూసినవాడైతే, ఉందా అని అడగడు. కాబట్టి వాడికి చెప్పినవాడు అసలు పటం చూసినాడు.”

వీరరాఘవయ్య జీపుకు ఆనుకొని పగలబడి నవ్వినాడు. “వింటివా కోటయ్యా! మేం వేలిముద్రలు చూస్తాం. ఈయన ఆడోళ్ళ పైటలు చూస్తాడు.”

జీపు వెనక నుంచి దిగిన కానిస్టేబులు కోటయ్య నవ్వలేదు. నడివయసు మనిషి, మెత్తటి మొగం. తలుపు సందులోంచి చూస్తున్న బిడ్డకేసి వేలు ఆడిస్తున్నాడు.

“నవ్వండి,” అన్నాడు దశరథరామయ్య. “అసలు పటం నేను కడిగింది ఒక్కటే. అది ఈమె దగ్గరుంది. రెండోది ఎక్కడుందో తేలిస్తే, రంగయ్యకు కబురిచ్చినవాడు దొరుకుతాడు.”

“తేల్చండి. మీ స్నేహితుడే గదా, ఆయన అంగట్లోనే తేల్చండి. నేనూ వస్తా.” వీరరాఘవయ్య నవ్వు ఆపి ఒక అడుగు దగ్గరికొచ్చినాడు. గొంతు తగ్గించినాడు. “కానీ నేను ఒకటి అడుగుతా, చెప్పండి. మనం పోతే ఈ పిల్లకు కాపలా ఎవరు? ఈ ముసలమ్మా? ఇంకా మా పోలీసు మీకు పనికిరాదా? గోడగోడకూ తగిలించినాక గూడా?”

ఇంకో పొద్దయితే దశరథరామయ్య ఒప్పుకునేవాడు గాదు. చెంచులక్ష్మిని జీపులో ఎక్కించుకొని తన వెంటే తిప్పుకునేవాడు. కానీ ఆ పొద్దు ఆయన నోరు పడిపోయి ఉంది. ఒక ఆడపిల్లకు ఇచ్చిన మాట అంగట్లో వేలాడుతుంటే, ఇక ఏ మొగం పెట్టుకొని నా దారే సరైందంటాడు? సిగ్గుపడిన మనిషికి ఎదుటివాడు చెప్పేదంతా న్యాయంగానే వినిపిస్తుంది.

“మీ ఇష్టం,” అన్నాడు.

“నేనుంటా సార్,” అన్నాడు కోటయ్య, ఎవరూ అడగకముందే. “నాకూ ఇద్దరు ఆడపిల్లలే. ఈగను గూడా వాలనీయను.”

పాపయ్య దుకాణంలో కరక్కాయ, వాము, శొంఠి వాసన గుప్పుమంటున్నది. దశరథరామయ్యను చూడగానే పాపయ్య గద్దె మీదనుంచి లేచి, రెండు చేతులూ చాచి ఎదురొచ్చినాడు.

“రారా రామయ్యా! నూరేళ్ళు నీకు. నీకోసమని క్యాలెండర్లు ఒక కట్ట విడిగా తీసిపెట్టినా. ఎస్సై గారు గూడా వచ్చినారే! ఒరే, సోడాలు…”

“సోడాలొద్దు. గోడమీద అది దించు.”

పాపయ్య చేతులు అట్లనే గాల్లో నిలిచిపోయినాయి.

“ఏందిరా? బొమ్మ బాగలేదా?”

“నా పటం నన్నడక్కుండా అచ్చు ఎట్ల వేసినావు?”

“ఓస్, అదా!” పాపయ్యకు ఊపిరొచ్చింది. “నువ్వు పటాలు కడుక్కునేది మా చీకటి గదిలో. నీ నెగటివ్ అద్దం పలక అక్కడే అలమరలో పడి ఉంది. లక్ష్మీదేవి మాదిరి ఉంది తల్లి. నా మందుకు సరిగ్గా సరిపోయింది. నీ వాకిట్లో పూసిన పువ్వు కోసి నేను దేవుడికి పెడితే తప్పా?”

“దేవుడికి పెట్టలేదు నువ్వు. గల్లాపెట్టెకు పెట్టినావు.”

“కోపమొచ్చిందా? అడుగున ‘ఫోటో: దశరథరామయ్య’ అని వేయించలేదనా? వచ్చే ఏడు వేయిస్తారా!”

వీరరాఘవయ్య గడపలో నిలబడి గడ్డం గోక్కుంటూ వేడుక చూస్తున్నాడు. దశరథరామయ్యకు చెవులు కాలినాయి. ఈ మూర్ఖుడితో ఇన్నేళ్ళు ఒక కంచంలో తిన్నందుకా, ఆ పరాయివాడు చూస్తున్నందుకా, ఆయనకే తెలియలేదు.

“పాపయ్యా, ఆ పిల్ల మొగుడు పోయినాడు. హత్య చేసినవాడు ఆమెను వెతుకుతున్నాడు. ఆమెను ప్రాణంతో దాచమని నాకు అప్పజెప్పినారు. అర్థమైందా? నువ్వు అచ్చు వేసింది లక్ష్మీదేవిని గాదు. సాక్షిని.”

పాపయ్య గోడమీది బొమ్మ వైపు తిరిగినాడు. తన డబ్బుతో పెట్టించిన కుంకుమను, తాళిని మొదటిసారి చూసినట్టు చూసినాడు.

“మొగుడు లేని పిల్లకా నేను… నువ్వు చెప్పలేదు గదరా!”

“చెప్పకూడదు గనక చెప్పలే.”

“మరి చూపించినావెందుకు?” పాపయ్యకు తప్పు చేసినవాడికి వచ్చే మొండి కోపం వచ్చింది. “నువ్వేగా ఆ అద్దం పలకను దీపానికి అడ్డం పెట్టి, ‘పాపయ్యా, నా జన్మలో ఇట్లాంటి పటం తీయలేదురా, చూడు ఆ కళ్ళు చూడు’ అని నన్ను పిలిచి చూపించినావు? నువ్వు పిలవకుంటే ఆ చీకటి గదిలో నేనేం చూస్తా, ఎలుకల్ని?”

దశరథరామయ్య ఎస్సై వైపు చూడలేదు. చూడకుండానే ఆయన గడ్డం మీద వేళ్ళు ఆగిపోయినాయని తెలిసింది. మూడో కన్ను చూడదని మాటిచ్చిన రోజే, ఆ పొద్దు గూకకముందే, మురిసిపోయి ఆ మూడో కన్నును తనే పిలిచినాడు. ఈ సంగతి చెంచులక్ష్మికి చెప్పాల.

“అవును,” అన్నాడు. “చూపించినా. నా తప్పు నాది, దాన్ని నేను మోస్తా. నీ తప్పు నువ్వు మోయాల. ఈ పొద్దే నీ మనుషుల్ని పంపి ఏ అంగట్లో ఉన్నది ఆ అంగట్లో దింపించు. ఒక్కటి మిగలకూడదు. అద్దం పలక నా చేతికియ్యి. రాచర్లలో దండోరా వేయించు. ఆ బొమ్మలో బొట్టూ తాళీ అబద్ధం, అడక్కుండా పెట్టింది పాపయ్య అని.”

“దండోరానా! ఊరంతా మొగాన ఉమ్మేస్తారురా. నా పరువు?”

“ఆమెకు లేదా పరువు? ఆ బొమ్మ చూసి అత్త బిడ్డను లాక్కుంటానంటున్నది.”

పాపయ్య గద్దె అంచు మీద కూలబడినాడు. తువ్వాలుతో మొగం ఒత్తుకున్నాడు. “వేయిస్తాలే,” అన్నాడు, చిన్నపిల్లవాడి మాదిరి. “నేనే పోతా. తప్పెట వాడితో గూడా నేనే నడుస్తా. సరేనా?”

ఆ మాటకు దశరథరామయ్యకు గుండె కొంచెం మెత్తబడింది. కానీ అడగాల్సింది ఇంకా ఉంది.

“బొమ్మ ఎందుకు తిరగేసినారు?”

“సీసా బొమ్మ ఒక పక్కకు రావాలన్నాను. తల్లి అటు తిరిగి ఉంటే అడ్డమొస్తుందని మద్రాసు ఆర్టిస్టు తిప్పినాడు.”

“ఆర్టిస్టుకు రంగులేయడానికి అద్దం పలక పంపినావా?”

“పగిలిపోదూ! కాగితం మీద ఒక పటం కడిగించి పంపినా.”

“తిప్పకముందు పటం. ఎడమ పైట పటం.”

“ఏ పైటో నాకేం తెలుసురా, నువ్వు తీసింది తీసినట్టు.”

“అది మద్రాసులోనే ఉందా?”

“లేదు. క్యాలెండర్లతో పాటు తిరిగొచ్చింది. ఈ తక్కెడ పైన గుచ్చి పెట్టుకున్నా.” పాపయ్య వేలు చూపిన చోట గోడకు గుండుసూది ఒక్కటే ఉంది. “గిరాకీ వాళ్ళు ఇది ఉత్త బొమ్మా, నిజం మనిషా అంటే, నిజమేనయ్యా, మన ఊరి పిల్లే అని చూపిద్దామని. మందు మీద నమ్మకం కుదరాల గదా.”

“అట్ల ఎంతమందికి చూపించినావు?”

“చూపించేలోపలే పోయిందిలే. పెట్టిన రెండోనాడే తీసుకపోయినారు.”

“ఎవరు?”

పాపయ్య బిత్తరపోయి, దశరథరామయ్యను దాటి గడప వైపు చూసినాడు. “అదేందిరా? వీళ్ళే. ఎస్సై గారు పంపినారని చెప్పినారు. పటం స్టేషన్‌కు కావాలన్నారు, ఎందుకో చెప్పలే. నేను హడలిపోయి మారుమాట్లాడకుండా ఇచ్చేసినా. ఎక్కడ తీసిందని గూడా అడిగితే, వెనకాల పలకల దొంతరలున్నాయి గదా, ఆ షెడ్లల్లోనే అయుంటుందని చెప్పినా.”

వీరరాఘవయ్య గడప దాటి లోపలికొచ్చినాడు. లాఠీ చంకలోనుంచి చేతిలోకి దిగింది.

“నేను ఎవణ్ణీ పంపలేదు.”

“పంపలేదా? యూనిఫారంలోనే వచ్చినాడండీ. మీ కోటయ్యే.”

తక్కెడ పళ్ళెం ఒకటి గాలికి కిర్రుమన్నది. స్టేషన్ గోడలకు నోళ్ళున్నాయని దశరథరామయ్య ఎగతాళి చేసినప్పుడు అగ్గిమీద గుగ్గిలమైన వీరరాఘవయ్య, ఇప్పుడు ఆ గోడల్లో ఒకదాన్ని తన చేతులతోనే తెచ్చి ఆ పిల్ల గుమ్మానికి కాపలా పెట్టి వచ్చినాడు. ఒప్పుకున్నవాడు దశరథరామయ్య.

ఒకరి మొగం ఒకరు చూసుకోకుండానే ఇద్దరూ జీపు వైపు పరుగెత్తినారు.

పలకల షెడ్ల దగ్గర జీపు ఇంకా ఆగకముందే దశరథరామయ్య దూకినాడు. గంగమ్మ ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. వాకిట్లో కోటయ్య లేడు. లోపల మూలన బిడ్డ ఊయల గుడ్డ కొక్కేనికి ఖాళీగా వేలాడుతున్నది. గంజి ముంత మూత పెట్టినది పెట్టినట్టే ఉంది. పెనుగులాడిన గుర్తు ఎక్కడా లేదు. ఒక్క పలక ముక్క గూడా చెదరలేదు. ఆయనకు భయమేసింది అందుకే.

“గంగమ్మా!”

ముసలమ్మ వాకిలి అవతలినుంచి, రోడ్డు వైపు నుంచి, పైటచెంగుతో చెమట తుడుచుకుంటూ నిదానంగా వస్తున్నది.

“ఏంది నాయనా ఆ అరుపు? ఊళ్ళో ఏనుగు దిగిందా?”

“చెంచులక్ష్మి ఏది?”

“పోయింది. అత్త కాడికి. నేను వద్దంటే ఇన్నదా? ‘నా మాట నేనే చెప్పుకుంటా, ఎవురి మాటలూ నాకొద్దు’ అని బిడ్డను సంకనేసుకొని లేచింది.”

“పోలీసాయన ఉన్నాడు గదా! ఆపలేదా?” అన్నాడు వీరరాఘవయ్య. ఆ గొంతు ఎస్సై గొంతు మాదిరి లేదు.

“అట్లనకు అయ్యా, దేవుడసుంటోడు. ‘పాపం, తల్లి మనసు, మానం కంటే పేణం ఎక్కువా, పోనీలే పెద్దమ్మా, నేను దగ్గరుండి రాచర్ల చేరుస్తా’ అన్నాడు. బిడ్డను తన బుజాన ఏసుకొని నడిచినాడు. అది గూడా ఏడుపు మాని మొన్నటి సంది మొదటిసారి నగింది. నేను గూడా రోడ్డు దాకా పోయి సాగనంపొచ్చినా.”

దశరథరామయ్య అప్పటికే జీపు మీద చెయ్యి వేసినాడు. “గిద్దలూరు బస్సే గదా ఎక్కింది? బస్సును దారిలో అందుకోవచ్చు. ఎస్సై గారూ, రండి!”

“బస్సు యాడిది నాయనా,” అన్నది గంగమ్మ. “అది పొద్దున్నే పోయె. ఆ పోలీసాయనే చెయ్యెత్తితే ఒక లారీ ఆగింది. ఆయన కోసమే కాసుకోనున్నట్టు, టక్కున. ముందర సీట్లో కూసోబెట్టుకొని పోయినారు.”

“ఏం లారీ?”

గంగమ్మ ఆయన మొగం చూసింది. ఆ మొగంలో ఏం కనపడిందో, చెమట తుడుచుకుంటున్న చెయ్యి ఆగిపోయింది.

“గొర్రెల లారీ, నాయనా.”